తక్కెడ ముల్లు ఎప్పుడు నిజం చెబుతుంది?

ఈసారి తూకం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మీ సైన్సు పుస్తకంలో సంతులిత బలాలు, అసంతులిత బలాలు అనే పాఠం ఉంటుంది. చాలామంది నిర్వచనాలు బట్టీపట్టి, రెండు మార్కులు తెచ్చుకుని ఊరుకుంటారు. కాని ఆ పాఠం మీద మన యానాంలో రోజూ ఎంత డబ్బు చేతులు మారుతోందో ఒకసారి ఆలోచించండి. చేపల మార్కెట్టులో, రొయ్యల చెరువు గట్టున, ధాన్యం కళ్ళంలో, కిరాణా కొట్టులో, బంగారం మీద అప్పిచ్చే బ్యాంకు కౌంటరు దగ్గర, అన్నిచోట్లా ఒక కాటా ఉంటుంది. ఆ రోజు ఇంటికి ఎంత వస్తుందో చాలా కుటుంబాలకు తేల్చి చెప్పేది ఆ కాటాయే.

వరదనీరు వచ్చే రోజుల్లో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుకుంటూ పులస వస్తుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత మనవాళ్ళదే. కిలో పదివేల రూపాయలు పలికిందనుకుందాం. అప్పుడు 50 గ్రాముల తేడా అంటే 500 రూపాయలు. అదే రొయ్యల దగ్గర చూడండి. ఒక టన్ను సరుకు కిలో 300 చొప్పున అమ్మాడనుకుంటే, తూకంలో నూటికి ఒక వంతు తేడా వస్తే పది కిలోలు, అంటే 3,000 రూపాయలు పోతాయి. తూచేవాడు ప్రతిసారీ అమ్మేవాడే కాదు. చెరువు గట్టున కొనేవాడే కాటా తెచ్చి తూస్తాడు. కాబట్టి అమ్మేవారికీ కొనేవారికీ ఇద్దరికీ ఈ విషయం తెలిసి ఉండాలి.

కాటా దేన్ని కొలుస్తుంది?

"కాటా వస్తువు బరువును కొలుస్తుంది" అని అందరూ అంటారు. పూర్తి నిజం అది కాదు. కాటా తాను వస్తువును ఎంత బలంతో ఆపుతోందో ఆ బలాన్ని చూపిస్తుంది. ఈ రెండూ సమానమయ్యే సమయం ఒకటి ఉంది. ఆ సమయంలో చూసిన అంకె మాత్రమే బరువు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దాని వివరణ.

ముందు రెండు మాటలు వేరు చేసుకుందాం. వస్తువులో ఉన్న పదార్థం ఎంత అన్నది ద్రవ్యరాశి. దీన్ని కిలోల్లో చెబుతాం. ఆ పదార్థాన్ని భూమి ఎంత బలంతో కిందికి లాగుతోంది అన్నది భారం. దీన్ని న్యూటన్లలో చెప్పాలి. ఒక కిలో వస్తువును భూమి సుమారు 9.8 న్యూటన్ల బలంతో లాగుతుంది. రెండు కిలోల చేప అయితే 19.6 న్యూటన్లు.

ఆ చేపను చేతిలోంచి వదిలేస్తే కింద పడుతుంది. పళ్ళెంలో పెడితే పడదు. భూమి లాగడం ఆపేసిందా? లేదు, అంతే బలంతో లాగుతూనే ఉంది. పళ్ళెం కింది నుంచి పైకి నెడుతోంది కాబట్టి పడలేదు. కిందికి 19.6, పైకి 19.6. రెండూ పోగా మిగిలే ఫలిత బలం సున్న. వీటినే సంతులిత బలాలు అంటారు. భూమి లాగుడును మనం కంటితో చూడలేం. పళ్ళెం ఎంత నెడుతోందో మాత్రం స్ప్రింగు సాగుదలతోనో, ముల్లు జరుగుదలతోనో చూడవచ్చు. కనబడే బలాన్ని చూసి కనబడని బలాన్ని లెక్కకట్టడమే తూకం.

స్ప్రింగ్ కాటాలో ఏం జరుగుతుంది?

కొక్కేనికి వేలాడదీసే స్ప్రింగ్ కాటా అందరూ చూసిందే. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంగా వెనక్కి లాగుతుంది. సాగుదల రెట్టింపయితే బలమూ రెట్టింపవుతుంది. 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ నియమాన్ని చెప్పాడు. అందుకే ఆ కాటా మీద గీతలు సమాన దూరంలో ఉంటాయి.

రెండు కిలోల చేపను కొక్కేనికి తగిలించి, చేత్తో పట్టుకుని, ఒక్కసారిగా వదిలామనుకుందాం. ముల్లు సున్న దగ్గర బయలుదేరుతుంది. దాని ప్రయాణాన్ని మెట్టుమెట్టుగా చూడండి.

ముల్లు ఒక కిలో గీత దగ్గరికి వచ్చినప్పుడు భూమి లాగుడు 19.6 న్యూటన్లు, స్ప్రింగు లాగుడు 9.8 న్యూటన్లే. ఇంకా 9.8 న్యూటన్ల బలం కిందికే మిగిలి ఉంది. అందుచేత చేప వేగం పుంజుకుంటూ దిగుతుంది.

ముల్లు రెండు కిలోల గీత దగ్గరికి వచ్చింది. ఇప్పుడు రెండు బలాలూ సరిసమానం. ఫలిత బలం సున్న. మరి చేప అక్కడే ఆగాలి కదా? ఆగదు! ఫలిత బలం సున్న అయితే వేగం మారదని మాత్రమే న్యూటన్ చెప్పాడు, వేగం సున్న అవుతుందని చెప్పలేదు. అప్పటికే వేగం అందుకున్న చేప జడత్వం వల్ల ఇంకా కిందికే పోతుంది.

ముల్లు మూడు కిలోల గీత చేరింది. ఇప్పుడు స్ప్రింగు 29.4 న్యూటన్లతో పైకి లాగుతోంది. భూమికన్నా స్ప్రింగుదే పైచెయ్యి. చేప వేగం తగ్గుతూ వస్తుంది. నాలుగు కిలోల గీత దగ్గర క్షణకాలం ఆగి, వెనక్కి తిరిగి పైకి వెళుతుంది. ఇలా నాలుగైదుసార్లు ఊగి, రాపిడి వల్ల ఊపు తగ్గి, చివరికి రెండు కిలోల గీత దగ్గర నిలబడుతుంది. రాపిడి ఉంటుంది కాబట్టి నిజంగా నాలుగు దాకా పోదు, దానికి కొంచెం ఇవతలే తిరుగుతుంది.

గమనించారా? రెండు కిలోల చేపకు ఆ కాటా కొన్ని క్షణాలపాటు సున్న నుంచి దాదాపు నాలుగు దాకా అన్ని అంకెలూ చూపించింది. ఏ అంకె దగ్గర వేలు పెట్టి "ఇదిగో ఇంత" అన్నా వినేవాడు నమ్ముతాడు. అందులో స్ప్రింగు చేసిన మోసం ఏమీ లేదు. ప్రతి క్షణం తాను ఎంత లాగుతోందో అదే చూపించింది. తొందరపడి చదివినవాడిదే పొరపాటు. కాబట్టి ముల్లు నిలబడాలి. అది నిలబడిందంటే రెండు సంగతులు ఒకేసారి జరిగాయని అర్థం. బలాలు సమానమయ్యాయి, కదలికా ఆగింది. రెండూ కావాలి, ఒకటి చాలదు.

ఇది బజారు విషయం మాత్రమే కాదు. పసిబిడ్డల ఎదుగుదల చూడడానికి వేలాడే స్ప్రింగ్ కాటాకు ఉయ్యాలలాంటి సంచి కట్టి బిడ్డను అందులో కూర్చోబెట్టి తూస్తారు. బిడ్డ కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తూంటే ముల్లు ఊగుతూనే ఉంటుంది. అప్పుడు ఎక్కువ అంకె రాసుకుంటే బక్కచిక్కిన బిడ్డ కూడా బాగున్నట్టు కార్డులో ఎక్కుతుంది. అందవలసిన పోషకాహారం అందకపోవచ్చు. బిడ్డ ఊరుకునేదాకా ఆగాలి. ఊరుకోకపోతే తల్లి బిడ్డను ఎత్తుకుని పెద్దల కాటా ఎక్కి, తరవాత ఒంటరిగా ఎక్కి, రెండు అంకెల తేడా తీసుకోవచ్చు.

రెండు పళ్ళేల తక్కెడ

తక్కెడ పద్ధతి వేరు. ఇందులో భూమి రెండు వైపులా లాగుతుంది. ఒక వైపు చేపను, రెండో వైపు తూనికరాళ్ళను. కాడ మధ్యలో ఆధారం ఉంటుంది. కాడను తిప్పే శక్తి బలం మీదే కాకుండా ఆధారం నుంచి ఎంత దూరంలో ఆ బలం పనిచేస్తోంది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేదాన్ని భ్రామకం అంటారు. తలుపును బందుల దగ్గర నెడితే కష్టంగా, అంచున నెడితే తేలికగా తెరుచుకోవడం దీనివల్లే. రెండు వైపుల భ్రామకాలూ సమానమయితే కాడ అడ్డంగా నిలుస్తుంది. రెండు చేతుల పొడవూ సమానమయినప్పుడే భ్రామకాలు సమానమంటే బరువులు సమానమని అర్థం.

పొడవులు సమానం కాకపోతే? ఎడమ చెయ్యి 25 సెంటీమీటర్లు, కుడి చెయ్యి 24 సెంటీమీటర్లు అనుకోండి. కుడి పళ్ళెం కాస్త బరువుగా చేయిస్తే, ఖాళీగా ఉన్నప్పుడు తక్కెడ చక్కగా అడ్డంగానే నిలబడుతుంది. చూసేవారికి అనుమానం రాదు. 1,200 గ్రాముల చేపను ఎడమ పళ్ళెంలో వేస్తే, కుడివైపు 1,250 గ్రాముల రాళ్ళు పెడితేగాని సరితూగదు. కొన్నవాడికి 50 గ్రాములు నష్టం. చేపనూ రాళ్ళనూ పళ్ళేలు మార్చి తూస్తే ఇప్పుడు 1,152 గ్రాములే వస్తుంది. ఒకే చేప, ఒకే తక్కెడ, రెండు తూకాలు. ఇంకేముంది, దొంగ దొరికాడు. మంచి తక్కెడ అయితే పళ్ళేలు మార్చినా తూకం మారదు.

అసలు బరువు ఎంత? రెండు అంకెలనూ గుణించి వర్గమూలం తీయండి. 1,250ని 1,152తో గుణిస్తే 14,40,000. దాని వర్గమూలం 1,200. లెక్క సరిపోయింది. ఎంత తప్పు తక్కెడతోనయినా నిజం రాబట్టవచ్చునన్నమాట.

ఫ్రెంచి శాస్త్రవేత్త బోర్డా పేరు మీద ఇంకా సులువైన పద్ధతి ఒకటి ఉంది. ఒక పళ్ళెంలో చేపను పెట్టండి. రెండో పళ్ళెంలో ఇసుక పోసి సరితూగేలా చెయ్యండి. ఇసుకను అలాగే ఉంచి, చేపను తీసి అదే చోట తూనికరాళ్ళు వెయ్యండి. మళ్ళీ సరితూగినప్పుడు ఆ రాళ్ళ బరువే చేప బరువు. చేపా రాళ్ళూ ఒకే పళ్ళెంలో, ఒకే చేతికి, ఒకే ఇసుకకు ఎదురుగా నిలబడ్డాయి. ఇక చేతులు ఎంత పొడవుంటే మనకేం?

కామర్సు చదివే పిల్లలకు ఒక మాట. మీరు అంకణా, అంటే ట్రయల్ బ్యాలెన్సు తయారుచేస్తారు. డెబిట్టు, క్రెడిట్టు మొత్తాలు సరిపోతే సంతోషిస్తారు. కాని ఒక తప్పును ఇంకో తప్పు కప్పేస్తే కూడా మొత్తాలు సరిపోతాయి. వాటినే సరిపెట్టు దోషాలు అంటాం. పొట్టి చెయ్యికి బరువు పళ్ళెం తగిలించిన తక్కెడ సరిగ్గా అదే. ఖాళీ తక్కెడ నిలబడింది కదా అని నమ్మకూడదు, లెక్క సరిపోయింది కదా అని పుస్తకం మూసెయ్యకూడదు. అన్నట్టు, బ్యాలెన్సు అనే మాటకు మూలం రెండు పళ్ళేలు అనే అర్థమున్న లాటిను మాట. మనల్ని 1954 దాకా పాలించిన ఫ్రెంచివారు ఆస్తి అప్పుల పట్టీని బిలాన్ అంటారు. అదీ అక్కణ్ణుంచి వచ్చిందే.

కిరాణా కొట్టు బల్లమీద పళ్ళేలు పైన ఉండే కాటా కూడా ఫ్రాన్సు నుంచి వచ్చిన ఊహే. రోబెర్వాల్ అనే గణితశాస్త్రజ్ఞుడు 1669లో దాని అమరిక చూపించాడు. కాడలు పైన ఒకటి, కింద ఒకటి ఉండి, నిలువు కడ్డీలతో కలిసి ఉంటాయి. అందుచేత పళ్ళెం వాలిపోకుండా నిటారుగానే లేచి దిగుతుంది. సరుకు పళ్ళెం మధ్యలో పెట్టినా, అంచున పెట్టినా తూకం మారదు.

ప్యారిస్ కిలో, యానాం కిలో

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. ఒక మనిషిని చంద్రుడి మీదికి తీసుకువెళితే బరువు ఎంత ఉంటుంది? అక్కడ ఆకర్షణ ఇక్కడికన్నా సుమారు ఆరో వంతు. 60 కిలోలు చూపించే స్ప్రింగ్ కాటా అక్కడ 10 చూపిస్తుంది. కాని పెద్ద తక్కెడలో ఒకవైపు మనిషిని, ఇంకోవైపు రాళ్ళను పెడితే అక్కడా 60 కిలోల రాళ్ళే కావాలి. ఎందుకంటే మనిషి లాగుడు తగ్గినట్టే రాళ్ళ లాగుడూ తగ్గింది. స్ప్రింగు కొలిచేది భారాన్ని. తక్కెడ పోల్చేది ద్రవ్యరాశులను. పరీక్షలో ఈ తేడా అడుగుతూ ఉంటారు.

దీనికి చంద్రుడి దాకా పోనక్కరలేదు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల, మధ్యలో కాస్త ఉబ్బి ఉండడం వల్ల, భూమధ్యరేఖ దగ్గర ఆకర్షణ తక్కువ, ధ్రువాల వైపు ఎక్కువ. 1672లో రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్న కయెన్‌కు వెళ్ళాడు. ప్యారిస్‌లో సరిగా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది. లోలకాన్ని లాగే బలం తగ్గిందని అలా తెలిసింది.

మన లెక్క చూద్దాం. అక్షాంశాన్ని బట్టి వేస్తే ప్యారిస్‌లో కిలోకు సుమారు 9.81 న్యూటన్లు, యానాంలో సుమారు 9.785. ప్యారిస్‌లో సరిచేసిన స్ప్రింగ్ కాటాను సరిచూడకుండా ఇక్కడ వాడితే కిలోకు దాదాపు రెండున్నర గ్రాములు తక్కువ చూపిస్తుంది. చేపల దగ్గర ఇది పట్టించుకోదగిన తేడా కాదు. బంగారం దగ్గర అయితే పట్టించుకోవాలి. అందుకే సున్నితమైన కాటాను వాడే చోటనే ప్రమాణపు రాయి పెట్టి సరిచూస్తారు.

ఎలక్ట్రానిక్ కాటా

ఇప్పుడు ఎక్కడ చూసినా అంకెల కాటాలే. వాటిలో ముల్లు లేదు, స్ప్రింగు లేదు. మరి ఏది ఆపుతోంది? పళ్ళెం కింద లోడ్ సెల్ అనే లోహపు దిమ్మ ఉంటుంది. సరుకు వేసినప్పుడు అది కంటికి కనబడనంత కొంచెం వంగుతుంది. వంగి, స్ప్రింగులాగే వెనక్కి నెడుతుంది. దాని మీద అతికించిన సన్నని తీగ పట్టీల విద్యుత్ నిరోధం ఆ వంపుతో మారుతుంది. ఆ మార్పును లెక్కకట్టి అంకె చూపిస్తుంది. సూత్రం పాతదే. భూమి లాగుడుకు దిమ్మ నెట్టుడు సమానమై, కదలిక ఆగాక వచ్చిన అంకే లెక్క. అంకెలు మారుతూ ఉన్నంతసేపూ అది బరువు కాదు.

దీని విషయంలో మూడు సంగతులు చూసుకోవాలి. మొదటిది, సరుకు వెయ్యకముందు సున్న ఉండాలి. రెండోది, గిన్నెతోనో ట్రేతోనో తూస్తే ముందు ఖాళీ గిన్నె పెట్టి టేర్ మీట నొక్కి, దాని బరువు తీసెయ్యాలి. మూడోది, కాటా సమతలంగా ఉండాలి. పది డిగ్రీలు వాలిన కాటా మీద భారమంతా నిలువుగా పడదు. కిలోకు సుమారు 985 గ్రాములే చూపిస్తుంది. చెరువు గట్టు మీద మట్టిలో పెట్టే కాటాలకు ఇది ముఖ్యం. చాలా కాటాలకు ఒక మూల గాజులో నీటిబుడగ ఉంటుంది. బుడగ మధ్యలో ఉందో లేదో చూడాలి.

బంగారం తూచే కాటాకు గాజు పెట్టె ఎందుకు ఉంటుందో అడిగేవారు మా బ్యాంకుకు వచ్చిన ఖాతాదారులు. ఫ్యాను గాలి పళ్ళెం మీద పడితే అది కూడా ఒక బలమే. చేపల కాటాకు అది లెక్కలోకి రాదు. మిల్లీగ్రాములు చూపే కాటాకు వస్తుంది. తలుపు మూసి, అంకె నిలబడ్డాకే రాసుకోవాలి.

మూడో బలం రాకూడదు

తూకం అన్నది భూమికీ కాటాకూ మధ్య బేరం. మూడోవాడు చెయ్యి పెడితే లెక్క చెడుతుంది. పళ్ళెం అంచును బొటనవేలు తాకినా, గోనెసంచి మూల నేలను ఆనినా, వేలాడే చేప తోక బల్లను తగిలినా మూడో బలం వచ్చినట్టే. పైనుంచి నొక్కితే అంకె పెరుగుతుంది, కింది నుంచి ఆనితే తగ్గుతుంది. మనుషుల కాటా మీద నిలబడి గోడ పట్టుకున్నా ఇంతే.

దీనిలో ఒక తమాషా ఉంది. కాటా మీద నీళ్ళ బకెట్టు ఉంది. మీరు వేలును నీళ్ళలో ముంచారు, అడుగును గాని అంచును గాని తాకలేదు. అంకె మారుతుందా? మారుతుంది. మీ వేలు 20 మిల్లీలీటర్ల నీటిని పక్కకు నెడితే, నీరు వేలును 20 గ్రాముల బరువంత బలంతో పైకి నెడుతుంది. వేలు కూడా నీటిని అంతే బలంతో కిందికి నెడుతుంది. కాటా 20 గ్రాములు ఎక్కువ చూపిస్తుంది. చర్య, ప్రతిచర్య అంటే ఇదే.

అదే బకెట్టులో అరకిలో కొరమేను వేశారు. అది అడుగుకు తగలకుండా ఈదుతోంది. దాని బరువు కాటాకు తెలుస్తుందా? తెలుస్తుంది, అరకిలో పూర్తిగా పెరుగుతుంది. చేపను నీరు మోస్తోంది, నీటిని బకెట్టు మోస్తోంది, బకెట్టును కాటా మోస్తోంది. చేప ఎగిరినప్పుడు, మళ్ళీ నీటిలో పడినప్పుడు అంకె అటూ ఇటూ అవుతుంది, అంతే.

తడి రొయ్యలతోపాటు తూగే నీరు సంగతి వేరు. నీటికీ నిజంగా బరువు ఉంది కాబట్టి కాటా చెప్పింది నిజమే. ఎంతసేపు నీరు ఓడ్చాక తూచాలన్నది ముందే మాట్లాడుకోవలసిన బేరం. కాటా తప్పునూ బేరం తప్పునూ కలిపి చూడకండి. దేనికి ఎవరిని అడగాలో తెలియాలి.

రాయి నిజమేనని ఎవరు చెప్పాలి?

తక్కెడ పోలుస్తుంది, అంతే. రెండో పళ్ళెంలోని రాయి తప్పయితే తక్కెడ ఎంత మంచిదయినా తూకం తప్పే. గోదావరి జిల్లాల్లో మన పెద్దలు వీశెలూ మణుగుల్లో తూచేవారు. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 1,400 గ్రాములు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. స్వతంత్ర భారతం 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూనికలను దశలవారీగా అమలులోకి తెచ్చింది. కిలో పుట్టిల్లు కూడా ఫ్రాన్సే. 1889 నుంచి ప్యారిస్ దగ్గర సెవ్ర్‌లో భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మ ప్రపంచానికంతటికీ పడికట్టు రాయిగా ఉండేది. మన దేశానికి వచ్చిన నకలు 57వ నంబరుది, ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది.

2019 మే 20 నుంచి ఆ దిమ్మ ప్రమాణంగా లేదు. ప్లాంక్ స్థిరాంకం అనే ప్రకృతి సంఖ్య ఆధారంగా కిలోను నిర్వచించారు. ఆ నిర్వచనం నుంచి కిలోను రాబట్టే యంత్రాలలో ముఖ్యమైనది కిబుల్ తక్కెడ. బ్రయాన్ కిబుల్ అనే బ్రిటిషు శాస్త్రవేత్త 1975లో దాన్ని ఆలోచించాడు. అందులో ఒకవైపు భూమి లాగుడు, దానికి ఎదురుగా తీగచుట్టలో పారే కరెంటు పుట్టించే విద్యుదయస్కాంత బలం. ఎంత ఆధునికమైనా అక్కడ కూడా రెండు బలాలు సరితూగేదాకా ఆగి చూడవలసిందే.

ఇక మన బజారులో రాళ్ళకూ కాటాలకూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. 2011 నియమాల ప్రకారం తూనికరాళ్ళు, తక్కెడలు, బల్ల కాటాలను 24 నెలలకు ఒకసారి, ఎలక్ట్రానిక్ కాటాలను 12 నెలలకు ఒకసారి సరిచూపించి ముద్ర వేయించాలి. ధ్రువపత్రం కొట్టులో కనబడేలా పెట్టాలి. చూపించమని మర్యాదగా అడగడానికి మీరు సంకోచించనక్కరలేదు.

ఇంట్లో చేసి చూడండి

1. ఒక రబ్బరు బ్యాండుకు దారాలతో చిన్న ప్లాస్టిక్ గిన్నె వేలాడదీసి, పక్కన అట్టముక్క నిలబెట్టండి. మందుసీసా మూతతో కొలిచి 50, 100, 150 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తూ, నిలబడ్డాక గిన్నె అంచు ఎక్కడ ఉందో గీతలు పెట్టండి. ఒక మిల్లీలీటరు నీరు ఒక గ్రాము. రబ్బరు స్ప్రింగులా ఒకే తీరున సాగదు కాబట్టి గీతలు సమాన దూరంలో రాకపోవచ్చు. కంగారుపడకండి.

2. అదే గిన్నెలో ఒక నిమ్మకాయను మెల్లగా దింపి, ఏ గీత దగ్గర ఆగిందో చూడండి. తరవాత గిన్నెను చేత్తో పైకి ఆపి, నిమ్మకాయ వేసి, ఒక్కసారిగా వదలండి. ఎంత కిందికి పోయి వచ్చిందో, చివరికి ఎక్కడ నిలబడిందో రాసుకోండి.

3. ఒక అడుగు కర్రస్కేలును మధ్యలో దారంతో కట్టి, రెండు చివర్లా రెండు మూతలు వేలాడదీయండి. కావాలని ఒక మూతను కాస్త లోపలికి జరిపి, రెండో మూతలో బియ్యపు గింజలు వేసి సరితూగేలా చెయ్యండి... కాదు, ఏ మూతలో వెయ్యాలో మీరే ఆలోచించండి! ఆ తప్పు తక్కెడతో ఒక వస్తువును రెండు వైపులా తూచి, వర్గమూలం లెక్కతో అసలు బరువు కనిపెట్టండి.

చేసినవారు అంకెలను నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకుని, వచ్చే ఉపకారవేతనాల పంపిణీ సభకు తీసుకురండి. ఎవరి లెక్క ఎక్కడ తేడా వచ్చిందో అందరం కూర్చుని చూసుకుందాం.